తవిటమ్మ పొదగేసిన గుడ్లు

నడిమివలస,
20-2-2025

రేఖ వాళ్ళమ్మకి,

కూర్మయ్య రాస్తన్నాది. నేను బాగున్నాను. నువ్వూ, మీ చెల్లెలు లక్ష్మీనరసమ్మా బాగున్నారని అనుకుంటన్నాను.

ఫోను చెయ్యొద్దన్నావంట. "ఊ అనడానికి ఫోనెందుకు, చెప్పాల్సింది ఉంటే రాయమను" అన్నావని రేఖ చెప్పింది. అందుకని రాస్తన్నాను. మన ఊళ్ళో ఇన్లాండు కవర్లు లేవు. కళింగపట్నం వెళ్ళి తెచ్చేను. పది తెచ్చేను.

నువ్వు వెళ్ళి ఎనిమిది దినాలయింది. గాదె వెనక గంపలో చుక్కలకోడి పొదుగు మీద ఉన్నాది. కింద చెయ్యి పెట్టి చూసేను. కోడిగుడ్లు కావు. పెద్దవి, తెలుపులో కొంచెం నీలం. తొమ్మిది ఉన్నాయి. పక్కింటి జగదీశ్వరినడిగేను. కోతలైన మళ్ళలో బాతులమంద దిగితే తవుడిచ్చి గుడ్లు మార్చుకున్నావంట. నువ్వు బయల్దేరే ముందు దినమే పొదగేసావంట. నాకు తెలీదు. నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు.

మన ఇంట ఎప్పుడూ బాతుల్ని పెంచలేదు. మా అమ్మ కూడా పెంచలేదు. ఏటి చెయ్యాలో తెలీదు. కోడికి గింజలూ నీళ్ళూ పెడతన్నాను.

ఇక్కడ లోటేమీ లేదు. వంట చేసుకుంటన్నాను. నా గురించి బెంగ పెట్టుకోకు. ఎన్నాళ్ళుండాలనుంటే అన్నాళ్ళుండు.

కూర్మయ్య


పాతపట్నం
ఫిబ్రవరి 27

రేఖ నాన్నకి,

నీ ఉత్తరం అందింది. నలభై ఏళ్ళలో నువ్వు నాతో ఇన్ని మాటలు ఒక్కసారి ఆడింది లేదు. లక్ష్మీనరసమ్మ సదివి "ఓలమ్మ, బావకి నోరుందే అక్కా!" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

లోటు లేదన్నావు. బెంగొద్దన్నావు. ఎన్నాళ్ళైనా ఉండమన్నావు. తెలిసింది. నేను లేపోతే లోటు లేదన్న ముక్క రాయడానికి కళింగపట్నం ఎల్లి మరీ కవర్లు కొన్నావు. అదీ పది కొన్నావు. పది ఉత్తరాలదాకా నేను రాకూడదనేటి?

నేనెందుకు వచ్చీసానో ఆ ముక్క ఒక్కటీ అందులో లేదు. నీకు గుర్తు లేదేమో, నేను సెప్తాను.

మీ తమ్ముడు నరసింగరావు కొత్త మేడ గృహప్రవేశం. ఊరంతా ఉన్నారు. నా తోటికోడలు రాణి మెళ్ళో బంగారం నాను కనపళ్ళేదు. ఎవులో "సంచులు సూడండి" అన్నారు. అరవై మంది ఆడోళ్ళున్నారు, అరవై సంచులున్నాయి. నా సంచొక్కటే తీసారు. అరుగు మీద బోర్లించారు. ఏటి పడింది? తాంబూలం, నా కళ్ళజోడు, కాయితంలో సుట్టిన రెండు బూరెలు. నువ్వు పొలంనుంచి ఆలీసంగా వస్తావు, పంక్తి లేచిపోతాదని నీకోసం దాసిన బూరెలు. "మా అక్క నాను దొంగ కాదర్రా, బూరెల దొంగ" అంది రాణి. అందరూ ఇరగబడి నవ్వారు. అప్పుడికి నువ్వొచ్చీసావు. ఎదురుగా కుర్సీలో ఉన్నావు. నీ కాళ్ళకేసి సూసుకుంటా కూకున్నావు.

మర్నాడు ఆ నాను దాని పట్టుసీర మడతలోనే దొరికింది. ఒక్కలొచ్చి ఒక్క మాటనలేదు. అది పరాయింటి పిల్ల, దాన్ననను. నువ్వేటి? మూడు దినాలు సూసాను, ఇప్పుడు నోరిప్పుతాడు, అప్పుడు నోరిప్పుతాడని. ఉండిపోదామనే అనుకున్నాను. అందుకే ఆ గుడ్లు పొదగేసాను. మూడో దినం రాత్రి కూడా నువ్వు కంచం కడుక్కుని పడుకున్నావు.

నాకు నీ బెంగ అక్కర్లేదు. ఒక్క మాట కావాలి. ఆ అరుగు మీద, పది మంది ఉన్నప్పుడు, నీ నోటితో అను: "ఆ దినం నా పెళ్ళాం సంచి బోర్లించినోళ్ళు తప్పు సేసారు." ఎనిమిది మాటలు. లెక్కెట్టాను. అన్నావని తెలిసిన్నాడు బస్సెక్కుతాను. అప్పుడిదాకా రాను.

గుడ్లంటావా, పిల్లలైతే అవుతాయి, లేపోతే లేదు.

తవిటమ్మ


నడిమివలస,
6-3-2025

రేఖ వాళ్ళమ్మకి,

నువ్వు రాసింది మూడుసార్లు చదివేను. అంతా నిజమే.

బూరెలు నాకోసమని నాకు ఆ దినమే తెలుసు.

ఒక తప్పు చేసేను, రాస్తన్నాను. గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టుకున్నాను. కోడికి ఇరవయ్యొక్క దినాలు కదా. మొన్న నాలుగో తేదీకి ఇరవయ్యొకటి అయ్యేయి. ఒక్క గుడ్డూ చిట్లలేదు. జగదీశ్వరి వచ్చి చూసి "మురిగిపోయుంటాయన్నయ్యా, కోడి ఎండిపోతన్నాది, పెంటలో పారబొయ్యి" అంది. గంప పట్టుకుని పెంటకుప్ప కాడికి వెళ్ళేను. ఒకటి తీసి రాయికేసి కొట్టేను.

వాసన లేదు. లోపల పిల్ల ఉన్నాది. వెడల్పు ముక్కున్నాది. కాళ్ళ వేళ్ళ మధ్య తోలు కూడా ఉన్నాది. అరచేతిలో పెట్టుకుంటే కాలు కదిపింది. ఊపిరితో వెచ్చచేసేను. కాసేపటికి ఆగిపోయింది.

మిగిలిన ఎనిమిదీ తెచ్చి మళ్ళీ కోడి కింద పెట్టేసేను. రేఖకి ఫోను చేస్తే నెట్లో చూసి చెప్పింది, బాతుకి ఇరవై ఎనిమిదంట. నీకు తెలిసే ఉంటాది. వెళ్ళేముందు ఒక్క మాట చెప్పుంటే ఆ పిల్ల బతికుండును.

అరుగు మీద మాట సంగతి. నాకు రాదు. నీకు తెలుసు. బడిలో మేష్టారు లేచి పద్యం అప్పజెప్పమంటే లాగులో పోసుకునేవాణ్ణి. అయిదో తరగతితో మానేసింది అందుకే, డబ్బుల్లేక కాదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ప్రయత్నం చేస్తాను.

కూర్మయ్య


పాతపట్నం
మార్చి 12

రేఖ నాన్నకి,

"ఒక్క మాట చెప్పుంటే" అని నన్నంటన్నావు! నువ్వు! ఉత్తరం పట్టుకుని మా సెల్లి బడ్డీలో ఇడ్లీ పొయ్యి కాడ నవ్వాను, కళ్ళంట నీళ్ళొచ్చీదాకా నవ్వాను. అక్కడున్నోళ్ళు పొగనుకున్నారు.

ఇరవై ఎనిమిదని నాకు తెలుసు. బాతుల మందోడినడిగాను, సెప్పాడు. నువ్వూ నన్నడగొచ్చు. మా సెల్లి ఫోను నెంబరు నీకాడుంది, కవర్లున్నాయి. అడగడానికి నోరు లేదు గానీ రాయికేసి కొట్టడానికి సెయ్యుంది.

ఆ పిల్లనేటి సేసావు? కుక్కలు తవ్వుతాయి. లోతుగా ఎట్టు.

పద్యం సంగతి నాకెందుకు సెప్పలేదు? నేను నవ్వుతాననుకున్నావా? ఆడు పొగరుబోతు, నేనంటే సులకన, అందుకే మాటాడ్డని అనుకుని సగం బతుకు గడిపీసాను.

ప్రయత్నం అన్నావు. సూస్తాను.

తవిటమ్మ


నడిమివలస,
20-3-2025

రేఖ వాళ్ళమ్మకి,

ఆ పిల్లని కరివేప చెట్టు మొదట్లో మూరెడు లోతున పెట్టేను.

పదకొండున నాలుగు, పన్నెండున రెండు పిల్లలయ్యేయి. రెండు గుడ్లు నీళ్ళే. ఆరు పిల్లలు. పసుపు మీద గోధుమరంగు చారలు. కోడిపిల్లల్లా కాదు, నేల మీద బోర్లా పడుకుని కాళ్ళు వెనక్కి చాపుతాయి. మొదటిసారి చూసి చచ్చిపోయిందనుకున్నాను.

సంతోషించేను. అయితే మళ్ళీ తప్పు చేసేను.

బాతుపిల్లకి ఈతెవరు నేర్పాలి అన్నారు అందరూ. నేనూ అదే అనుకున్నాను. అయిదో దినం గేదెల తొట్టి కడిగి నిండా నీళ్ళు పోసి ఆరింటినీ వదిలేను. ఎంత బాగా ఈదేయో. మునిగి లేస్తాయి, తోక ఆడిస్తాయి. నేను నవ్వేను. కోడి తొట్టి గట్టు మీద అటూ ఇటూ పరుగెత్తి ఒకటే అరుపు. కోడిదానికేం తెలుసు అనుకున్నాను. గంటసేపు ఉంచేను.

తీసేసరికి బూరంతా తడిసి ఒంటికి అంటుకుపోయింది. వణికిపోతన్నాయి. గోనె కప్పేను, పొయ్యికాడ పెట్టేను. సాయంత్రానికి రెండు పోయేయి.

పశువుల డాక్టరు దగ్గర కాంపౌండరుని అడిగేను. అవును, వెళ్ళి అడిగేను. బాతు తల్లయితే తన ఒంటి నూనె పిల్లల బూరకి అంటిస్తాదంట. అప్పుడు నీళ్ళు అంటవంట. కోడికి ఆ నూనె లేదు. తల్లి బాతు లేని పిల్లల్ని నెలదాకా నీళ్ళలో వదలకూడదంట. అంటే కోడి అరిచిందే నిజం.

ఇప్పుడు నాలుగు. ఆ దినంనుంచి కోడి వాటిని పిలవడం మానేసింది. నా మంచం పక్కనే ఊక పోసి గంపలో పెట్టేను.

నువ్వుండుంటే బతికేవి అని రాయబోయేను. మళ్ళీ నిన్ను అన్నట్టవుతాదని మానేసేను. అయినా రాసేసేను.

కూర్మయ్య


పాతపట్నం
ఏప్రిల్ 2

రేఖ నాన్నకి,

సచ్చినవాటికి ఏడ్సి లాబం లేదు. ఉన్నవాటి సంగతి సూడు. తవుడు పొడిగా ఎట్టకు, గొంతుకడ్డం పడతాది. తడిపి ముద్ద సేసి ఎట్టు. పక్కనే నీళ్ళ పళ్ళెం ఉండాలి, ముక్కు మునిగీలోతు, అంతకన్నా ఒద్దు. సెరువు గట్టున నత్తలు ఏరి సితక్కొట్టి ఎయ్యి, కాళ్ళకి బలం. ఇదంతా నాకు పుట్టుకతో రాలేదు. ఈదిలో ఎవుల్నడిగినా సెప్తారు.

నేను మా సెల్లి టిఫిన్ బడ్డీకాడ పిండి రుబ్బుతన్నాను, పూరీలొత్తుతన్నాను. ఒడిశా వైపునుంచి లారీవోళ్ళొస్తారు. ఆళ్ళ మాట నాకు తెల్దు, నా మాట ఆళ్ళకి తెల్దు. అయినా "మావుసీ, బొలొ బొలొ" అంటా ఏదో ఒకటి ఆడతారు. ఒక పూటకి నాతో ఆళ్ళాడే మాటలు నువ్వు ఏడాదికి ఆడవు.

బాతులెందుకు పొదగేసానో నువ్వడగలేదు, నేనే సెప్తాను. రేఖ పెళ్ళై ఎల్లిపోయిన కాడ్నుంచి మనింట్లో సప్పుడు లేదు. గోడగడియారం, నేను. మందోడి బాతులు మళ్ళలో ఒకటే గోల. నాలుగుంటే ఇల్లంతా సప్పుడుంటాదనిపించింది.

అరుగు కాడికి ఎల్లావా?

తవిటమ్మ


నడిమివలస,
16-4-2025

రేఖ వాళ్ళమ్మకి,

నువ్వు చెప్పినట్టే పెడతన్నాను. నత్తలంటే ప్రాణం వాటికి. నాలుగూ గట్టిపడ్డాయి. పసుపు పోయి ఈకలొస్తన్నాయి. నెల దాటేక తొట్టిలో వదిలితే ఏమీ కాలేదు.

ఒక ఇబ్బంది వచ్చింది. నేనెక్కడికెళ్తే అక్కడికి వస్తన్నాయి, వరసలో. పొలానికెళ్తే పొలానికి, టీ బడ్డీకెళ్తే టీ బడ్డీకి. తలుపేస్తే కంచె కిందనుంచి దూరి వచ్చేస్తాయి. ఊళ్ళో అందరూ చూస్తన్నారు. "ఏటి కూర్మయ్యా, ఊరేగింపెక్కడికి?" అంటారు. "మేష్టారొచ్చేడ్రా, పిల్లల్ని తీసుకుని" అంటారు. నన్ను ఎవరూ చూడకూడదని రోడ్డువార నడిచేవాణ్ణి, నీకు తెలుసు. ఇప్పుడు కుదరదు.

అరుగు కాడికి వెళ్ళేను. మొన్న ఆదివారం. నరసింగం, మరి అయిదుగురు పేపరు చదువుకుంటన్నారు. "రా అన్నయ్యా, కూర్చో" అన్నాడు. కూర్చున్నాను. బాతులు అరుగు కింద కూర్చున్నాయి. మాట నాలిక చివరిదాకా వచ్చింది. రాణి టీ తెచ్చింది. "పంచదార సరిపోయిందా బావగారూ?" అంది. "సరిపోయింది" అన్నాను. ఇంటికొచ్చేసేను.

ఇల్లంతా చప్పుడుండాలనుకున్నావు కదా. అవి పెద్దవయ్యాక నీకు కావాలంటే చెప్పు. సాలూరునుంచి మన అల్లుడు ధర్మేంద్ర లారీ అటు వచ్చినప్పుడు నాలుగింటినీ పంపించేస్తాను.

కూర్మయ్య


పాతపట్నం
ఏప్రిల్ 24

రేఖ నాన్నకి,

పంపించీ. బాతుల్ని పంపించీ. గంపలో ఎట్టి, గుడ్డ కట్టి, నా పసుపుకుంకాలు కూడా ఏసి పంపించీ. పెళ్ళానికి బదులు నాలుగు బాతులు, లెక్క తీరిపోయింది. ఇంట్లో సప్పుడు కావాలంటే పాతపట్నం ఇంట్లోనేటి?

ఇంకోటి. జగదీశ్వరి ఫోను సేసింది. "వదినా, అన్నయ్య బాతుల్తో ఒకటే కబుర్లు. రోజూ పొద్దుటేల మడి గట్టు మీద కూకుంటాడు, సెయ్యి ఊపి మరీ సెప్తాడు, అవి తలెత్తి ఇంటాయి. నేను, మా గుంటపిల్లలు సూసి ఒకటే నవ్వు" అంది. పాపం, నన్ను నవ్విద్దామనే సెప్పింది.

నలభై ఏళ్ళు నీకు అన్నం ఎట్టాను. "ఉప్పు సరిపోయిందా?" అని నలభై ఏళ్ళూ అడిగాను. తలూపావు. రాణి అడిగితే "సరిపోయింది" అన్నావు, నోటితో. బాతులికైతే సెయ్యి ఊపి కబుర్లు. నాకేటి మిగిలింది? ఆ తలూపుడు.

నాకు సొరమొచ్చి పది దినాలు మంచాన పడ్డప్పుడు, గుర్తుందా, కసాయం కాసి ఇచ్చావు, కాళ్ళు పట్టావు, ఒక్క మాటాడలేదు. నేను గోడవైపు తిరిగి ఏడ్సాను. నువ్వు దుప్పటి కప్పావు.

ఇంక రాయకు.

తవిటమ్మ


నడిమివలస,
2-5-2025

రేఖ వాళ్ళమ్మకి,

రాయొద్దన్నావు. ఈ ఒక్కటీ చదువు.

కబుర్లు కావు. జగదీశ్వరి దూరంనుంచి చూసింది, వినలేదు. నేను వాటితో అనేది నీ మాటే. ఆ దినం నా పెళ్ళాం సంచి బోర్లించినోళ్ళు తప్పు చేసేరు. రోజూ అదే అంటన్నాను. మొదట్లో గొంతు పెగల్లేదు. తర్వాత గొణిగేను. ఇప్పుడు గట్టిగానే వస్తన్నాది. మనిషి కళ్ళు చూస్తే ఆగిపోతాది. అవి చూస్తే ఆగదు. ఎందుకో తెలీదు.

బాతుల్ని పంపుతానన్నది నిన్ను రావద్దని కాదు. నువ్వు కావాలనుకున్నవి కదా అని. నాకు మాటాడ్డమే రాదనుకున్నాను, రాయడమూ రాదని ఇప్పుడు తెలిసింది.

సొరం సంగతి. ఆ పది దినాలూ నువ్వు చచ్చిపోతావేమోనని భయం. నోరు తెరిస్తే ఆ మాటే బయటికొస్తాదని తెరవలేదు.

కూర్మయ్య


పాతపట్నం
మే 9

మావా,

నాలుగుసార్లు సదివాను. మా సెల్లికి సూపించలేదు. రవికెలో ఎట్టుకున్నాను.

ఇదిగో, ఇను. పద్దెనిమిదో తారీకు ఆదివారం నరసింగం మనవరాలు దుర్గాభవానికి ఓణీల ఫంక్షను. నాకూ కార్డొచ్చింది. ఆ అరుగే, ఆ మనుషులే. నా సంచి సూసి నవ్వినోళ్ళందరూ ఉంటారు. నేను రాను. నువ్వెల్లు. పిల్లకి అక్షింతలెయ్యి, దాని తప్పేటీ లేదు. తర్వాత అరుగు మీద నిల్సుని అను. కొట్టాటకెల్లొద్దు, తిట్టొద్దు. ఆ ఎనిమిది మాటలూ అనీసి దిగొచ్చీ.

జగదీశ్వరి నాకు ఫోను సేస్తానంది. పంతొమ్మిది పొద్దుటి బస్సుకి నేను బయల్దేరతాను. సంచి సర్దీసాను.

పెట్టి అడుగున కొత్త పంచుంది, జరీ అంచుది. అది కట్టుకో. గెడ్డం గీయించుకో.

తవిటి


నడిమివలస,
21-5-2025

తవిటమ్మకి,

జగదీశ్వరి నీకు ఏటి చెప్పిందో తెలీదు. నేను జరిగింది జరిగినట్టు రాస్తన్నాను.

జరీ పంచె కట్టేను. గెడ్డం గీయించేను. గుమ్మం దిగితే బాతులు లేచి వెనకాల వచ్చేయి. ఇంకెప్పుడైనా అయితే ఆపుదునేమో. ఆ దినం ఆపలేదు. అవి ఎదురుగా ఉంటే మాట వస్తాదనుకున్నాను. అరుగు ముందు అవి కూర్చుంటాయి, వాటికేసి చూసి అనేస్తాను అనుకున్నాను. అందుకని తీసుకెళ్ళేను.

పందిరి గుమ్మంలో రాణి ఎదురొచ్చింది. "అయ్యో! బావగారు మనవరాలికి సారె తెచ్చేరర్రా! ఒకటి కాదు, నాలుగు బాతులు!" అని అరిచింది. అందరూ చప్పట్లు కొట్టేరు. పెదతాత వట్టి చేతుల్తో రాలేదన్నారు. నరసింగం వచ్చి భుజం మీద చెయ్యేసేడు. "నువ్వొస్తావనుకోలేదన్నయ్యా" అన్నాడు, వాడి కళ్ళల్లో నీళ్ళున్నాయి. ఎవరో కాళ్ళు పట్టుకుని నాలుగింటినీ ఎత్తుకెళ్ళేరు. సారె కాదు అని ఒక్క మాట అనాలి. అందరూ నాకేసి చూస్తన్నారు. తలూపేను.

సారె అంటే పెరట్లో ఉంచుతారనుకున్నాను. సాయంత్రం చెప్పి తెచ్చేసుకోవచ్చనుకున్నాను.

భవానికి అక్షింతలేసేను. కాళ్ళకి దణ్ణం పెట్టింది. అరుగు మీద ముప్పై, నలభైమంది ఉన్నారు. ఇంక అనాలి. అనేముందు ఒకసారి వాటిని చూసి వద్దామని పెరట్లోకి వెళ్ళేను. వంటపాకలో బూర కుప్పగా ఉన్నాది. వంటవాడు చేతులు కడుక్కుంటన్నాడు. "కుర్ర బాతులు బాబూ, ఎన్నలా ఉడుకుతాయి" అన్నాడు.

అరుగు మీదికెలా వచ్చేనో తెలీదు. "ఎవర్నడిగి కోసేర్రా నా బాతుల్ని?" అన్నాను. అరిచేను. మైకు సెట్టువాడు పాట ఆపేసేడు. "నా పిల్లల్రా అవి!" అన్నాను. రెండుసార్లు అన్నాను. నరసింగం చేతులు జోడించేడు. రాణి ఏడ్చేసింది. అందరూ నన్నే చూస్తన్నారు, నాకు భయం లేదు. గొంతు వణకలేదు.

గొంతు ఉన్నాది. మనుషులు ఉన్నారు. అది ఆ అరుగే. నీ మాట అనవలసింది అప్పుడే.

నాకు గుర్తు రాలేదు.

గుర్తొచ్చినా అనలేకపోయేను అని రాస్తే నీకు కొంచెం బాగుంటాదేమో. అది అబద్ధం. గుర్తు రాలేదు. ఇంటికొచ్చి గొళ్ళెం తీస్తన్నప్పుడు గుర్తొచ్చింది.

కూర్మయ్య


పాతపట్నం
మే 29

రేఖ నాన్నకి,

ఆ దినం మద్దినేల జగదీశ్వరి ఫోను సేసింది. "వదినా! అన్నయ్య నోరిప్పాడే! అరుగు మీద నిల్సుని మీ మరిదిని కడిగీసాడు! రాణి గొల్లుమంది! పందిరంతా సప్పుడు లేదు!" అంది. అక్కడ గోలగోలగా ఉంది, ఇంకేటో అంది, ఇనపళ్ళేదు. నాకు అంతే సాలు. మా సెల్లిని పట్టుకుని ఏడ్సాను. లారీవోళ్ళకి ఆ పూట టీల డబ్బులడగలేదు.

పంతొమ్మిది పొద్దుట బస్సెక్కాను. శ్రీకాకుళం కాంప్లెక్సులో దిగాను. నీకు ఇష్టమని జంతికలు కొన్నాను. కళింగపట్నం బస్సు ఆగి ఉంది, ఒక కాలు మెట్టు మీదెట్టాను. రేఖ ఫోను సేసింది. "అమ్మా, నాన్నకి పాపం ఆ బాతులంటే ఎంత ప్రాణమో సూడు, సిన్నాన్ననే అంతమందిలో అరిచీసాడంట" అంది. "బాతులేటే?" అన్నాను. అప్పుడు సెప్పింది.

కండక్టరు "ఎక్కుతావా దిగుతావా పెద్దమ్మా" అన్నాడు. దిగాను. పాతపట్నం బస్సు రెండు గంటలికి గానీ లేదు. అక్కడే కూకున్నాను.

బాతులికి నాకూ ఏడుపొచ్చింది. ఆటి తప్పు లేదు. నువ్వు కావాలని సెయ్యలేదనీ తెలుసు. అబద్ధం రాయలేదు, అదీ తెలుసు. అయితే ఒకటి. మా మావకి నోరు లేదు, లేనోడు ఏటిస్తాడు, అనుకుని నలభై ఏళ్ళు కాపరం సేసాను. అదే నాకు ఊరట. ఇప్పుడు తెలిసింది, నీకు నోరుంది. పందిరి మొత్తం ఆగిపోయే నోరుంది. అది నాకోసం లేదు.

నా సీరల పెట్టి, మా అమ్మ ఇచ్చిన ఇత్తడి బిందె, గోడకున్న నా కళ్ళజోడు సంచీ. జూన్ అయిదు గురువారం ధర్మేంద్ర లారీ అటొస్తాది. ఎక్కించు. నువ్వు ఇంట్లో ఉండక్కర్లేదు, తాళం జగదీశ్వరికి ఇచ్చినా సాలు.

తవిటమ్మ


నడిమివలస,
7-6-2025

తవిటమ్మకి,

పెట్టి, బిందె, కళ్ళజోడు సంచీ గురువారం ఎక్కించేను. నేనే ఎక్కించేను. పెట్టి కోణం ఒకటి సొట్ట పడింది, లారీ తలుపుకి తగిలింది. ధర్మేంద్ర "ఎందుకు మావా ఇదంతా" అన్నాడు. బిందె మీద గోనె కప్పేను.

లారీ వెళ్ళేక నరసింగం ఇంటికి వెళ్ళేను. పిలుపు లేదు, పండగ లేదు. అరుగు మీద నరసింగం, రాణి, భవాని, ముగ్గురే ఉన్నారు. ఫంక్షను దినంనుంచి నన్ను చూస్తే వాళ్ళకి బెదురు. రాణి లేచి నిలబడి "బాతులు కొనిచ్చేస్తాం బావగారూ, మీకెన్ని కావాలో చెప్పండి" అంది.

బాతులు కాదన్నాను. ఆ దినం నా పెళ్ళాం సంచి బోర్లించినోళ్ళు తప్పు చేసేరు అన్నాను. అరవలేదు. మామూలుగా అన్నాను. తడబడలేదు.

రాణి "ఏ సంచి?" అంది. నిజంగానే అడిగింది. నరసింగం కాసేపు ఆలోచించి "గృహప్రవేశం నాటిదా? ఇంకా అదెక్కడ పట్టుకున్నావన్నయ్యా" అన్నాడు. అప్పుడు రాణికి గుర్తొచ్చింది. "ఓ, ఆ బూరెల సంగతా!" అని నవ్వింది. "ఏ బూరెలే నాన్నమ్మా?" అని భవాని అడిగింది. చెప్పింది. సంచిలోనుంచి కాయితం ఎలా పడిందో, నువ్వు ఎలా వంగి ఏరుకున్నావో చేత్తో చూపించి మరీ చెప్పింది. పిల్ల కూడా నవ్వింది.

పదిమంది లేరు. నువ్వడిగినట్టు కాలేదు. నేను వెళ్ళకపోయుంటే ఆ పిల్లకి ఆ సంగతి తెలిసేది కాదు. ఇప్పుడు తెలిసింది. అది కూడా నావల్లే.

ఇది రాస్తే నువ్వొస్తావని రాయలేదు.

వాళ్ళు నవ్వుతుంటే "నవ్వకండి" అన్నాను. ముగ్గురూ ఆపేసేరు. ఆ మాట నువ్వు నేర్పింది కాదు, నేను గట్టు మీద కూర్చుని వల్లించింది కాదు. దానంతట అదే వచ్చింది. ఆ దినం రావలసింది.

కూర్మయ్య